కొండ కింద, సామాన్ల దగ్గర

(ఉత్తరాంధ్ర జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నించీ మనం గృహహింస కేసుల గురించీ, భరణం కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్న వాళ్ళ గురించీ మాట్లాడుకుంటున్నాం. ఇంత బరువైన విషయాల మధ్య నేను లేచి, మా కుటుంబంతో రెండు రోజులు కొండల్లోకి షికారు వెళ్ళొచ్చిన కథ చెప్తానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. కొందరికి విసుగూ రావచ్చు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘స్త్రీలు - విశ్రాంతి హక్కు’. దీని కోసం నేనూ కాగితాలు తిరగేశాను. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం ఉంది. ప్రతి మనిషికీ విశ్రాంతి, తీరిక, పనిగంటల మీద పరిమితి, జీతంతో కూడిన సెలవులు ఉండాలంటుంది. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందంలో 13వ అధికరణం వినోదంలోనూ ఆటల్లోనూ స్త్రీలకు సమాన హక్కు ఉందంటుంది. ఆ ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. ఇవన్నీ రాసుకున్నాను. రాసుకున్నాక చూస్తే, ఈ కాగితాల్లో లేనిది నాకు ఆ రెండు రోజుల్లోనే ఎక్కువ కనబడిందనిపించింది. అందుకని అదే చెప్తాను.

గత నవంబరులో రెండో శనివారం, ఆదివారం కలిసొస్తే అనంతగిరి వెళ్ళాం. మా ఆయన, నేను, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి, మా మరిది, తోడికోడలు, పదకొండేళ్ళ వాళ్ళబ్బాయి, మా అత్తయ్య. మొత్తం ఏడుగురం. వెళ్దామన్నది మా ఆయన. టిక్కెట్లు తీసింది, గదులు మాట్లాడింది మా మరిది. ఇద్దరూ మంచివాళ్ళే. ఆ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే చెడ్డవాళ్ళ కథ అయితే మనకి సులువు.

నా ప్రయాణం బుధవారమే మొదలైంది. ఎవరెవరికి ఎన్ని జతల బట్టలు, అత్తయ్య బి.పి. మాత్రలు, పిల్లాడికి వాంతుల మాత్రలు, స్వెట్టర్లు ఎండలో పెట్టటం, పాలవాడికి చెప్పటం, మొక్కలకి నీళ్ళు పక్కింటావిడకి అప్పగించటం. శుక్రవారం రాత్రి పులిహోర కలిపి, చపాతీలు ఒత్తి, పడుకునేసరికి పదకొండున్నర. లేచింది మూడున్నరకి. కిరండూల్ పాసింజరు తెల్లవారగానే బయల్దేరుతుంది కదా. రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని మా ఆయన కాళ్ళు చాపి, “అబ్బ, ఇప్పటికి సెలవు మొదలైంది” అన్నారు. నిజమే, ఆయనకి మొదలైంది. నేను కాగితప్పళ్ళేలు తీసి ఏడు లెక్కపెడుతున్నాను.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా సర్వే చేసి, మనుషులు రోజుని ఎలా గడుపుతున్నారో లెక్క తీసింది. ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళే నలుగురిలో ఒకరు. ఈ అంకెలు మనలో చాలామందికి తెలుసు, శిక్షణల్లో చెప్తూనే ఉంటాం. షికారు వెళ్ళినప్పుడు ఈ చాకిరీ ఇంట్లో ఆగిపోతుందని మాత్రం అనుకుంటాం. ఆగదు, సంచుల్లో సర్దుకుని మనతోపాటే రైలెక్కుతుంది. పైగా అక్కడ మన గిన్నెలుండవు, మన కుళాయి ఉండదు.

ఆ రైలు దారి గురించి ఒక్క మాట. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపటానికి 1960లలో వేసిన లైను అది. 58 సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ పిల్లలు కేకలు పెడుతుంటే, ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్ళు దిగి వస్తూనే ఉన్నాయి. మనం చూడటానికి వెళ్ళే అందమంతా ఆ ఖనిజం కోసం తొలిచిన దారిలోంచే చూస్తాం.

బొర్రా గుహల స్టేషన్లో దిగి, జీపులో మేం దిగాల్సిన రిసార్టుకి చేరాం. పులిహోర తిని, రెండింటికి కొండెక్కుదామని బయల్దేరాం. కాఫీ తోటల మధ్యనుంచి కాలిదారి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలకి అప్పుడప్పుడే ఎర్రబడుతున్న కాయలు. దూరంగా వలిసె చేలు పసుపు దుప్పటి పరిచినట్టున్నాయి. తోట దాటాక దారి నిటారుగా ఉంది. అక్కడొక చదును బండ. మా మరిది అన్నాడు, “సామాన్లతో ఎక్కలేం, ఎవరైనా ఇక్కడ ఉంటే బావుంటుంది.”

“ఎవరైనా” అంటే ఎవరో ఎవరూ అడగలేదు. అత్తయ్య బండ మీద కూర్చుంది, ఆమెకి మోకాళ్ళ నొప్పులు కదా. తోడికోడలు చెప్పు తెగింది, ఆమె కూర్చుంది. నేను ఎలాగూ ఉంటాను. మా ఆయనా, మా మరిదీ, పిల్లాడూ ముందుకెళ్ళారు. వాళ్ళతోపాటు మా అమ్మాయి కూడా పది అడుగులు వేసింది.

నేను పిలిచాను. “నువ్వాగు, నాతో ఉండు” అన్నాను.

విషయమేమిటంటే, పొద్దున రైల్లోనే దానికి బహిష్టు వచ్చింది. లేత రంగు పైజమా వేసుకుంది. పొద్దుట్నించీ కడుపునొప్పంటోంది. దారిలో ఎక్కడా మరుగుదొడ్డి లేదు. మా మరిది ముందు కారణం చెప్పలేను. పైకెళ్ళాక ఏమైనా అయితే ఎలా అన్న భయం. అది ఒక్క మాట కూడా అనకుండా వెనక్కొచ్చి సంచుల పక్కన కూర్చుంది. వాళ్ళ చిన్నాన్న, “ఏం, పాప రాదా?” అని అరిస్తే, “దానికి కాళ్ళు నొప్పులట” అని నేనే బదులు చెప్పాను.

మీకు తెలుసు, నేను ఎనిమిదేళ్ళుగా సంక్షేమ హాస్టళ్ళలో ఆడపిల్లలకి నెలసరి మీద తరగతులు తీసుకుంటున్నాను. ఆ రోజుల్లో ఆటలు మానక్కర్లేదు, బడి మానక్కర్లేదు, ఎవరి దగ్గరా సిగ్గుపడక్కర్లేదు అని నల్లబల్ల మీద రాయించి మరీ చెప్తాను. కాసేపయ్యాక మా అమ్మాయి నావైపు చూడకుండా, “నువ్వు హాస్టళ్ళలో చెప్పేదంతా వాళ్ళకేనా అమ్మా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. తోడికోడలు మధ్యలో కల్పించుకుని, “అందుకే అక్కా, నేను వారం ముందునుంచే మాత్రలు వేసుకున్నాను. ఎక్కడికైనా వెళ్ళాలంటే నాకదే అలవాటు” అంది. తిరుపతికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఇప్పుడు షికారుకి వెళ్ళినా వాయిదా మాత్రలే. డాక్టరు దగ్గరకెళ్ళి అడిగిందా అంటే లేదు, మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారట. ఇంత చేసి తాను కూడా కొండెక్కకుండా బండ మీదే కూర్చుంది. మరి ఆ మాత్రలు ఎవరి సౌకర్యం కోసం వేసుకున్నట్టు?

అప్పుడు అత్తయ్య ఒక మాటంది. ఆమెది విజయనగరం దగ్గర పల్లెటూరు. “నాకు మోకాళ్ళ నొప్పులని మీరే అనేస్తన్నారు. నన్నెవరైనా అడిగేరేటి? నాలుగేళ్ళ కిందట సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినాను కదా.”

చేసింది. ఆషాఢ పౌర్ణమికి, రాత్రంతా నడిచి, 32 కిలోమీటర్లు. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఎదురెళ్ళి మజ్జిగ కూడా ఇచ్చాం. మా అమ్మ మొక్కుందని అలిపిరి నుంచి మూడుసార్లు తిరుమల కొండ నడిచి ఎక్కింది, 3,550 మెట్లు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కొండలెక్కలేదని ఎవరంటారు? మంగళగిరి ఎక్కారు, కోటప్పకొండ ఎక్కారు. చంటిపిల్లని చంకనేసుకుని ఎక్కారు, ఉపవాసంతో ఎక్కారు. భర్త ఆరోగ్యానికీ, కొడుకు ఉద్యోగానికీ అంటే మన కాళ్ళకి సెలవు దొరుకుతుంది. ఊరికే, పైనుంచి చూడాలనుంది అంటే మాత్రం మోకాళ్ళు గుర్తొస్తాయి. భక్తిని నేను తప్పుపట్టటం లేదు. ఎంతోమంది ఆడవాళ్ళకి ఇల్లు దాటి నాలుగు రోజులు తోటివాళ్ళతో నవ్వుకుంటూ తిరిగే అవకాశం అదొక్కటే ఇచ్చింది. కానీ కారణం చూపిస్తే తప్ప కదలటానికి లేని ఆ కాళ్ళ గురించి మనం ఆలోచించాలి.

మేమలా కూర్చుని ఉండగా కట్టెలమోపుతో ఒకావిడ దిగి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. బండకి మోపు ఆనించి ఊపిరి తీసుకుంటూ, “పైకి ఎల్లరా అమ్మా? మగాళ్ళు ఎల్లిపోనారు గదా” అంది. “సామాన్లున్నాయి” అన్నాను. ఆమె సంచులవైపు చూసి నవ్వింది. “ఇక్కడ మీ సంచులెవులు తీస్తారు?” అంది. ఆ కొండ పేరు కూడా చెప్పింది. నేను రాసుకోలేదు. ఇప్పుడు గుర్తు రావటం లేదు, సిగ్గుగా ఉంది.

మంచినీళ్ళిచ్చి మాటల్లో పెట్టాను. పొద్దున కాఫీ కాయలు కోయటానికి కూలికెళ్ళింది. మధ్యాహ్నం కట్టెలకి వచ్చింది. మోపు ఎవరికంటే, మేం దిగిన రిసార్టుకే. రాత్రిపూట మంట వేస్తారు కదా, దానికి. మోపుకి 150 రూపాయలిస్తారట. ఆ స్థలం ఎవరిదని అడిగాను. పట్నం వాళ్ళదని చెప్తుందనుకున్నాను. “మా మరిది పేరునుంది. ఆడే గేటుకాడ కాపలా” అంది. ఎంతో మామూలుగా చెప్పింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఏజెన్సీలో పనిచేసే మిత్రులకి ఇది కొత్త కాదు, మైదాన ప్రాంతం వాళ్ళకి చెప్పాలి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణ, మనమందరం 1/70 అనుకునేది, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి వెళ్ళకూడదంటుంది. అక్కడ గిరిజనేతరుల స్వాధీనంలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా అది గిరిజనుల నుంచి వచ్చిందనే భావించాలంటుంది. ఇదే అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీం కోర్టు దాకా వెళ్ళి పోరాడితే, 1997 జులై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకి లీజుకివ్వటం చెల్లదంది కోర్టు. దేశమంతా చెప్పుకునే తీర్పు అది. అంత తీర్పు పుట్టిన కొండల్లో, కాగితం మీద యజమాని అయిన మనిషి యూనిఫాం వేసుకుని గేటు తీసి మా జీపుకి సలాం కొట్టాడు. ఆయన వదిన మోసిన కట్టెలతో ఆ రాత్రి మేం చలి కాచుకున్నాం.

అవును, కాచుకున్నాం. పిల్లలు పాటలు పాడారు, బొంగు చికెన్ తెప్పించుకున్నాం. మంట వేసింది ఆయనే. మా ఆయన, “ఏయ్ బాబూ, ఇంకో నాలుగు కట్టెలెయ్యి” అన్నారు. నేను చెవిలో విషయం చెప్తే నమ్మలేదు. బిల్లులో ఆ మంటకి విడిగా 800 రూపాయలు వేశారు, కట్టాం. నేను ఆయన్ని ఏమీ అడగలేదు. అడిగితే వినేవాళ్ళు చుట్టూ ఉన్నారు, మర్నాడు మేం వెళ్ళిపోతాం, ఆయన ఉండాలి. అడగకపోవటానికి ఇది మంచి కారణమో, నా పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆదివారం తెల్లవారి ఐదింటికి మా అమ్మాయిని నేనే లేపాను. “పద, ఎక్కుదాం” అన్నాను. ముదురురంగు పైజమా వేసుకుంది, ప్యాడ్లు, కాగితం, నీళ్ళసీసా సంచిలో పెట్టుకున్నాం. వసారాలో అత్తయ్య అప్పటికే బూట్లు వేసుకుని కూర్చునుంది. మనవడి బూట్లు! తోడికోడల్ని లేపబోయి ఆగాను. ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. ఎన్నాళ్ళకి దొరికిన నిద్రో అది. ఆమె విశ్రాంతి అది. మా ఆయన దుప్పట్లోంచే, “మరి పిల్లాడికి పాలు?” అన్నారు. “ఫ్లాస్కు ఎక్కడుందో వెతకండి” అని వచ్చేశాను. గొప్ప తిరుగుబాటేమీ కాదు. కానీ మెట్లు దిగుతుంటే గుండె దడదడలాడింది, నవ్వకండి.

నిన్నటి బండ దాటాం. మంచు పడి దారి జారుతోంది. సగం దూరం వెళ్ళాక వెనకనుంచి ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లలో వీడియో తీసుకుంటూ వచ్చారు. మమ్మల్ని దాటుతూ ఒకతను, “ఆంటీ, ఒక్కళ్ళే వచ్చారా?” అన్నాడు. చెడ్డగా అడగలేదు. అయినా గమనించండి, మేం ముగ్గురం. ముగ్గురు ఆడవాళ్ళు వెళ్తే భాషలో కూడా ‘ఒక్కళ్ళే’. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళు కనుమరుగయ్యేదాకా మేం నడవలేదు. ఒక ఎండుకర్ర విరుచుకున్నాను. మగవాళ్ళు ఆ దారిలో చెట్లూ పిట్టలూ చూస్తూ నడుస్తారు. మేం వెనక్కి చూస్తూ నడుస్తాం.

పొద ఒకటి వెతుక్కుని, అత్తయ్యా నేనూ చీర అడ్డంపెట్టి నిలబడితే మా అమ్మాయి ప్యాడు మార్చుకుంది. వాడింది కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది, అక్కడ పారెయ్యలేదు. ఇంతా చేస్తే రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాల కోసం నిన్న దాన్ని బండ దగ్గర కూర్చోబెట్టాను. నడుస్తూ అది మాలావత్ పూర్ణ గురించి చెప్పింది, స్కూల్లో పాఠంగా విందట. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన కూలివాళ్ళ బిడ్డ, గురుకుల పాఠశాల విద్యార్థిని. భువనగిరి రాతికొండ మీద శిక్షణ మొదలుపెట్టి 2014 మే 25న, పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. “ఆ అమ్మాయికి అన్ని రోజుల్లో ఒక్కసారైనా పీరియడ్స్ వచ్చే ఉంటాయి కదమ్మా?” అంది. నాకు తెలిసిన ఇంకో సంగతి నేను చెప్పాను. 1975లో స్త్రీలలో మొదటిసారి ఎవరెస్టు ఎక్కిన జపాన్ స్త్రీ జుంకో తబేయి అప్పటికే తల్లి, చిన్నపిల్లని ఇంట్లో వదిలి వెళ్ళింది. ఆ యాత్రకి చందాలడిగితే, ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచుకోమని చెప్పినవాళ్ళున్నారు.

శిఖరం దాకా అత్తయ్య రాలేదు. ముప్పాతిక దూరంలో ఒక రాయి చూసుకుని కూర్చుంది. మేమిద్దరం పైదాకా వెళ్ళి దిగివచ్చాం. పైన మంచు తప్ప ఏమీ కనబడలేదు, ఆ మాట కూడా నిజాయితీగా చెప్పాలి. తిరిగొచ్చేసరికి మంచు విడిపోయి, కింద లోయలో రైలు పట్టాలు, వలిసె చేలు కనబడుతున్నాయి. అత్తయ్య కొంగు తలచుట్టూ కప్పుకుని చూస్తోంది. “దిగుదామా?” అన్నాను. “ఉండవే, కాసేపుండు. కిందకెళ్తే మళ్ళా పనే కదా” అంది. పెళ్ళయి నలభై ఎనిమిదేళ్ళయిందట, మొక్కు లేకుండా కొండెక్కటం ఇదే మొదలట. అరగంట కూర్చున్నాం. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం గుహలు చూసి రైలెక్కాం, అది మామూలే.

తిరిగి వచ్చాక ఆ రిసార్టు సంగతి ఏజెన్సీలో పనిచేసే మిత్రులకి చెప్పాను. వాళ్ళొకటే అన్నారు: ఫిర్యాదు చేస్తే ముందు పోయేది ఆయన ఉద్యోగం, తర్వాత ఆమె కట్టెల మోపు. భూమి తిరిగొచ్చేలోపు వాళ్ళేం తినాలి? ఇది సాకు కాదు, నిజమైన ప్రశ్న. 1996 పెసా చట్టం గ్రామసభకి అధికారాలిచ్చింది. ఆ సభలో ఆ కట్టెలమ్మాయి లేచి మాట్లాడే పరిస్థితి ఉందా? మధ్యాహ్నం బృంద చర్చల్లో దీన్ని పెట్టమని కోరుతున్నాను, అరకు, పాడేరు మిత్రులు ముందు మాట్లాడాలి. కొండ దారుల్లో మరుగుదొడ్ల గురించి పర్యాటక శాఖకి పంపాల్సిన వినతిపత్రం నేను రాసి తెచ్చాను, భోజనాల దగ్గర సంతకాలు పెట్టండి. ఆ దొడ్లు టూరిస్టులకే కాదు, కాయలు కోసే కూలీలకీ తాళం వెయ్యకుండా ఉండాలని అందులో రాశాను. హాస్టల్ తరగతుల్లో నేను చెప్పే పాఠం కూడా మార్చాను. ఇప్పుడు ముందుగా మా అమ్మాయిని కొండ కింద కూర్చోబెట్టిన సంగతి చెప్పి మొదలుపెడుతున్నాను. పిల్లలు మునుపటికన్నా ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నారు.

ఇంట్లో సంగతి కూడా అడుగుతారు. రైల్లో తిరిగొస్తూ మా ఆయనకీ నాకూ పెద్ద గొడవే అయింది. “నిన్ను ఎవరు ఎక్కొద్దన్నారు?” అన్నారు. ఎవరూ అనలేదు, అదే కదా నా గొడవ. ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్దామంటున్నారు. ఈసారి సర్దటం, వంట అన్నదమ్ములిద్దరే చేస్తారట. జాబితా ఫ్రిజ్ మీద అంటించారు. ఏమేం కావాలో వాళ్ళకి తెలియదు కాబట్టి, దాన్ని రాసిచ్చింది మాత్రం నేనే. సామాన్ల దగ్గర ఎవరుంటారన్నది అందులో ఇంకా రాయలేదు. మా అమ్మాయి కింద ఒక గీత గీసి ఖాళీ వదిలింది.